బాగా తయారైన రోబో బొమ్మ చప్పగా అనిపిస్తే రివ్యూ ఎలా రాయాలి?

"బొమ్మలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జాయింట్లు బిగువుగా ఉన్నాయి, పెయింట్ శుభ్రంగా ఉంది. అయినా పక్కన పెట్టాక మళ్లీ చేతిలోకి తీసుకోవాలనిపించడం లేదు. దీని గురించి ఏమని రాయాలి?" ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు (రోబో నుంచి కారు, లారీ లాంటి బండిగా రూపం మార్చుకునేవి) కొని రివ్యూలు రాసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

విరిగిపోయే బొమ్మ మీద రాయడం తేలిక. అదిరిపోయే బొమ్మ మీద రాయడం ఇంకా తేలిక. ఈ మధ్యరకం దగ్గరికొచ్చేసరికి చాలామంది "పర్లేదు, పదికి ఏడు" అని ముగించేస్తారు. అది చదివినవాళ్లకు కొనాలో మానాలో తేలదు.

తయారీ నాణ్యతను ఒక లెక్కగా, బొమ్మ ఇచ్చే ముచ్చటను వేరే లెక్కగా చూడండి. ముచ్చట ఎక్కడ తగ్గిందో వేలు పెట్టి చూపించండి. అందుకు ఏ పని తర్వాత ఏ పని చేయాలో కింద ఉంది.

## 1. డబ్బా తెరవకముందే చేయాల్సినవి

ముందుగా ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోండి: ఈ బొమ్మ ఎందుకు కొన్నారు, దీన్నుంచి ఏం ఆశిస్తున్నారు. డబ్బా తెరిచాక రాస్తే అది జ్ఞాపకం అవుతుంది, అప్పటికే బొమ్మ మీ అభిప్రాయాన్ని మార్చేసి ఉంటుంది. ప్రచార ఫొటోల్లో రంగు వేసిన నమూనానో, కంప్యూటర్‌లో గీసిన బొమ్మనో చూసి పెంచుకున్న ఆశకూ అసలు బొమ్మకూ మధ్య ఉన్న దూరమే సగం నిరాశకు కారణం. ఆ దూరాన్ని తర్వాత కొలవాలంటే మొదటి ఆశ రాతలో ఉండాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- స్కేలు, వంటింటి డిజిటల్ కాటా
- చిన్న స్టార్ స్క్రూడ్రైవర్
- తెల్ల కాగితం లేదా గుడ్డ (రాలిన చిన్న భాగాలు కనిపించడానికి)
- ఫోన్, దాన్ని కదలకుండా నిలిపే స్టాండు
- పోల్చడానికి రెండు బొమ్మలు: ఒకటి ఇదే సైజు, ఇదే ధరలో వచ్చింది. రెండోది ఇదే పాత్రకు ముందొచ్చిన వెర్షన్

పోల్చడానికి రెండోది దొరక్కపోతే మొదటిదైనా తప్పకుండా ఉండాలి. పక్కన ఏమీ లేకుండా "చిన్నగా ఉంది", "తేలిగ్గా ఉంది" అంటే ఆ మాటకు కొలత ఉండదు.

మీ చేతిలో ఉన్నది అసలుదో నకలుదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. నకలు బొమ్మల్లో జాయింట్ల బిగువు, ప్లాస్టిక్ రకం వేరుగా ఉంటాయి. దాని మీద రాసిన రివ్యూ అసలు బొమ్మకు వర్తించదు.

## 2. సైజు క్లాస్, ధర రాసుకోండి

జనరేషన్స్, స్టూడియో సిరీస్ వంటి లైన్లలో (ఒకే పేరు కింద వచ్చే బొమ్మల వరుసల్లో) సైజును క్లాసులుగా విడగొడతారు. బొమ్మల కంపెనీ హాస్‌బ్రో చెప్పే కొలతల్లో కోర్ సుమారు 3.5 అంగుళాలు, డీలక్స్ 5.5, వోయేజర్ 7, లీడర్ 7.5 అంగుళాలు ఉంటుంది.

వోయేజర్‌కూ లీడర్‌కూ మధ్య అర అంగుళమే తేడా. ధరలో తేడా మాత్రం గట్టిగానే ఉంటుంది. ఆ డబ్బు చాలాసార్లు ఎత్తులోకి పోదు, అదనపు సామానులోకి పోతుంది. 2020లో ఎర్త్‌రైజ్ లైన్‌లో లీడర్ క్లాసులో వచ్చిన ఆప్టిమస్ ప్రైమ్ పాత్ర బొమ్మను చూడండి. రోబో వోయేజర్ సైజుకు దగ్గరగానే ఉంటుంది, దాంతో పాటు తెరిస్తే స్థావరంగా మారే ట్రెయిలర్ వస్తుంది. 2019 సీజ్ లైన్‌లోని అల్ట్రా మాగ్నస్ అనే పాత్ర బొమ్మలో లోపల ఒక రోబో ఉంటుంది, దాని మీద కవచం తొడగాలి. ఇవి తెలియకుండా "లీడర్ అన్నారు, ఇంతేనా" అని రాస్తే అన్యాయం. తెలిసి కూడా "ట్రెయిలర్ నాకు అక్కర్లేదు, రోబోకు ఇంత పెట్టలేను" అని రాస్తే అది న్యాయమైన ఫిర్యాదే.

ధర రాసేటప్పుడు ఎక్కడ, ఎంతకు కొన్నారో చెప్పండి. భారత్‌లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. అందుకే డల్లాస్‌లో ఉండే తెలుగువారికి మామూలు ధరగా కనిపించేది హైదరాబాద్‌లో కొనేవారికి ఆలోచించాల్సిన ధర. ఒకే బొమ్మ ఒకచోట "ఆ డబ్బుకు పర్లేదు", ఇంకోచోట "ఆ డబ్బుకు వద్దు" అవుతుంది. రెండూ నిజమే.

## 3. మూడుసార్లు రూపం మార్చాకే పెన్ను పట్టండి

మొదటిసారి డబ్బాలో వచ్చిన సూచనల కాగితం చూస్తూ మార్చండి. చేతి కదలిక ఎక్కడ ఆగిందో మాత్రం గుర్తు పెట్టుకోండి, తీర్పు ఇవ్వొద్దు. మొదటిసారి కలిగే చిరాకులో ఎక్కువ భాగం కొత్త వల్ల వచ్చేదే.

రెండోసారి కాగితం లేకుండా మార్చండి. మంచి డిజైన్ ఇక్కడ బయటపడుతుంది. ఒక ప్యానెల్ తిప్పగానే తర్వాత ఏది కదలాలో చేతికి దానంతట అదే తెలుస్తుంది. మళ్లీ మళ్లీ కాగితం వైపు చూడాల్సి వస్తే, ఏ అడుగు దగ్గర చూశారో రాసుకోండి.

మూడోసారి ఫోన్‌లో రికార్డు చేయండి. ఎంతసేపు పట్టిందో అందులోనే తెలుస్తుంది. దానికన్నా ముఖ్యం, చేతులు ఎక్కడ తడబడ్డాయో కనిపిస్తుంది. చివర్లో అన్ని ప్యానెళ్లనూ ఒకేసారి సర్ది ట్యాబులు (ప్యానెళ్లను పట్టి ఉంచే చిన్న నాలుకలు) పెట్టాల్సి వస్తే, ఒకటి పెడుతుంటే ఇంకోటి ఊడిపోయే ఆ అర నిమిషం రివ్యూలో తప్పకుండా ఉండాలి. కొన్నవాళ్లు ప్రతిసారీ పడే బాధ అదే.

ఈ మూడింటిలో మీకు నచ్చిన కదలిక ఒక్కటైనా ఉందా అని వెతకండి. తల దానంతట అదే పైకి లేవడం, ఛాతీ తిరుగుతుంటే భుజాలు సర్దుకోవడం, అలాంటిది. ఒక్కటీ దొరక్కపోతే చప్పదనానికి మొదటి కారణం దొరికినట్టే.

## 4. నాణ్యతకు విడిగా మార్కులు వేయండి

ఇక్కడ ఇష్టాయిష్టాలు పక్కన పెట్టండి. ఇవన్నీ పరీక్షించి తేల్చగలిగినవే.

- చెయ్యి: ఆయుధం పట్టించి నేలకు సమాంతరంగా చాపండి. కాసేపటికి వాలిపోతోందా?
- కాళ్లు: ఒంటికాలి మీద నిలబడుతుందా? మడమ పక్కకు వంగినప్పుడు పాదం మొత్తం నేలకు ఆనుతోందా?
- బండి: చేతిలో పట్టుకుని మెల్లగా ఊపండి. ఏ ప్యానెల్ వదులవుతోంది? నున్నటి బల్ల మీద తోస్తే నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా?
- రాట్చెట్ జాయింట్లు: టక్కు టక్కుమని మెట్లుగా కదిలేవి. రెండు వైపులా ఒకే శబ్దం, ఒకే బిగువు ఉందా?
- ఆయుధాలు: సీజ్ నుంచి ఈ లైన్లలో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు మామూలైపోయాయి. ఆయుధానికున్న పెగ్గు (రంధ్రంలో దూర్చే చిన్న కడ్డీ) అన్ని రంధ్రాల్లోనూ సరిగ్గా కూర్చుంటోందా?
- పారదర్శక ప్లాస్టిక్: కిటికీ అద్దాల దగ్గరి కీళ్లను వెలుతురులో చూడండి. తెల్లటి గీతలుంటే అక్కడ ఒత్తిడి పడుతోందని అర్థం. ఈ ప్లాస్టిక్ వంగదు, పగులుతుంది.

ఒక లోపం కనిపించగానే అది డిజైన్‌దా, మీకొచ్చిన పీసుదా అని అడగండి. కుడి మోకాలు వదులుగా, ఎడమది బిగువుగా ఉంటే అది పీసు సమస్య. రెండూ ఒకేలా వదులైతే డిజైన్‌నో అచ్చునో అనుమానించాలి. ఇతర కొనుగోలుదారులను అడిగి "నా పీసులో" అని రాయాలా, "ఈ బొమ్మలో" అని రాయాలా నిర్ణయించుకోండి.

వదులైన బాల్ జాయింట్‌కు (గుండు గుంతలో తిరిగే కీలుకు) పారదర్శక నెయిల్ పాలిష్ పలచగా రాసి, పూర్తిగా ఆరాక బిగిస్తే సరిపోతుంది. పారదర్శక ప్లాస్టిక్ మీద మాత్రం రాయొద్దు, అది పగుళ్లివ్వొచ్చు. మరీ బిగువైన కీలుకు సిలికాన్ ఆయిల్ ఒక చుక్క చాలు. పెట్రోలియం నూనెలు, స్ప్రేలు ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. ఇలాంటి మరమ్మతు చేస్తే రివ్యూలో చెప్పండి, మార్కులు మాత్రం మరమ్మతుకు ముందున్న స్థితికే వేయండి.

## 5. చప్పదనం ఎక్కడుందో పట్టుకోండి

అసలు పని ఇదే. నాణ్యత బాగుండి కూడా కంటికి ఆనని బొమ్మల్లో కారణం ఎక్కువగా కింది వాటిలో ఒకటి ఉంటుంది. రెండు మూడు కలిసి కూడా ఉండొచ్చు.

ట్రాన్స్‌ఫర్మేషన్‌లో, అంటే రూపం మారే తీరులో, తెలివి కనిపించకపోవడం. ఈ బొమ్మల ప్రాణమే ఇది. ఒక పరీక్ష చేయండి: బండి రూపంలో ఫొటో తీసి, పై తొక్కను ఒక్కో భాగంగా లెక్కపెట్టండి. బానెట్, తలుపులు, పైకప్పు, చక్రాలు. ఇప్పుడు రోబో రూపంలో అవన్నీ ఎక్కడికి పోయాయో వెతకండి. తలుపులు రెక్కలయ్యాయా, బానెట్ ఛాతీ అయిందా, లేక అన్నీ మడిచి వీపు మీద మూట కట్టారా? మూటే అయితే, లోపల ఒక రోబో పడుకుని ఉంది, దాని మీద కారు దుప్పటి కప్పారు, అంతే. ఎంత చక్కగా మడిచినా అక్కడ మార్పు జరగలేదు.

దీనికి ఇంకో గుర్తు, రోబో ఛాతీ మీద కనిపించే కారు ముందుభాగం అసలుదా నకలుదా అన్నది. అసలు బానెట్ వీపు వెనక దాక్కుని, ఛాతీ మీద వేరే చిన్న నకలు బానెట్ ఉంటే చూసేవాళ్లకు రూపం సరిగ్గానే కనిపిస్తుంది. తిప్పిన చేతికి మాత్రం మోసపోయినట్టుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లోని రూపానికి దగ్గరగా రావడానికి డిజైనర్లు ఇలా చేస్తారు. కారణం రాయండి, దానికి చెల్లించిన మూల్యం కూడా రాయండి.

భాగాలు పెరిగితే ముచ్చట పెరుగుతుందనుకోవద్దు. ఖరీదైన మాస్టర్‌పీస్ లైన్‌లో ఆప్టిమస్ ప్రైమ్‌కు 2011లో ఎంపీ-10, 2019లో ఎంపీ-44 వచ్చాయి. రెండోది కార్టూన్ రూపానికి ఎంతో దగ్గర, లోపలి పనితనం చాలా ఎక్కువ. అయినా సాయంత్రం పూట ఊరికే చేతిలోకి తీసుకుని మార్చుకోవాలంటే నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. ఎంపీ-44ను మార్చాలంటే కూర్చోవాలి, శ్రద్ధ పెట్టాలి, ప్యానెల్ ప్యానెల్‌కూ జాగ్రత్త పడాలి. చూడటానికి కొనేవాళ్లకు రెండోది గొప్పది, ఆడటానికి కొనేవాళ్లకు మొదటిది. ఎవరి కోసం రాస్తున్నారో తేల్చుకుంటే ఇలాంటి చోట తీర్పు తేలికవుతుంది.

బోలు భాగాలు. ముంజేతి లోపలి వైపు, పిక్క వెనక, తొడ లోపల చూడండి. ముందు నుంచి నిండుగా కనిపించే చేయి తిప్పి చూస్తే డొల్లగా, గిన్నెలా ఉంటే, స్క్రూ గుంతలు కళ్లకు కొడుతుంటే, బొమ్మ తేలికవుతుంది, చూపు కూడా చెదురుతుంది. కాటా మీద పెట్టి, అదే క్లాసులోని ఇంకో బొమ్మతో పోల్చి రాయండి. "తేలిగ్గా ఉంది" కన్నా "పక్క బొమ్మ కన్నా ఇన్ని గ్రాములు తక్కువ" అన్న మాట ఎక్కువ ఉపయోగం. కొన్ని డొల్లలు రెండో రూపంలో ఇంకో భాగం దాక్కోవడానికే ఉంటాయి. వాటిని ఊరికే వదిలేసిన డొల్లలతో కలపొద్దు.

కదలికలున్నా భంగిమలు రాకపోవడం. జాయింట్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. నడుము తిరగాలి, మడమ పక్కకు వంగాలి, మణికట్టు తిరగాలి. ఈ మూడూ లేకపోతే మిగతా ఎన్ని ఉన్నా బొమ్మ సెల్యూట్ కొట్టినట్టే నిలబడుతుంది. మూడు భంగిమలు పెట్టి చూడండి: పరుగు, రెండు చేతులతో తుపాకీ గురిపెట్టడం, ఒక మోకాలి మీద కూర్చోవడం. ఏది కుదరలేదో, ఏ భాగం అడ్డొచ్చిందో రాయండి.

రంగు. పెయింట్ ఉన్నంతవరకు శుభ్రంగానే ఉంటుంది, అసలు చాలాచోట్ల ఉండదు. బండి పక్కభాగాలు, వెనక లైట్లు, చక్రాల మధ్యభాగం వట్టి ప్లాస్టిక్ రంగులో వదిలేశారేమో చూడండి. సీజ్ లైన్‌లో యుద్ధంలో దెబ్బతిన్నట్టు వేసిన వెండి పూత మీద అభిప్రాయాలు రెండుగా చీలాయి. అలాంటివి ఇష్టమా కాదా అన్నది మీ అభిరుచి, కాబట్టి అలాగే చెప్పండి.

అచ్చు పాతది కావడం. ఒకే అచ్చుకు రంగు, తల మార్చి వేరే పాత్రగా అమ్మడం ఈ లైన్లలో మామూలే. ఆ అచ్చు ఇప్పటికే మీ దగ్గరుంటే మీకు కొత్తేమీ ఉండదు. మొదటిసారి కొనేవారికి ఈ కారణం వర్తించదు. రివ్యూలో రెండు వాక్యాలు వేరువేరుగా రాయండి, ఒకటి పాతవారికి, ఒకటి కొత్తవారికి.

చేసేందుకు ఏమీ లేకపోవడం. రూపం మార్చి, తుపాకీ పెట్టి, నిలబెట్టాక ఇంకేం ఉంది? మార్చుకునే చేతులు, బండి మీద బిగించే ఆయుధాలు, ఇతర బొమ్మలతో కలిసే అమరిక, ఏదో ఒకటుంటే బొమ్మ చేతిలో ఇంకాసేపు నిలుస్తుంది.

## 6. వారం రోజులు కంటి ముందే ఉంచండి

రివ్యూ రాయకుండా బొమ్మను చదువుకునే బల్ల మీదో, టీవీ పక్కనో పెట్టండి. ఫోన్ మాట్లాడుతుండగా చెయ్యి దానంతట అదే ఆ బొమ్మ వైపు పోతోందా, పక్కనున్న పాత బొమ్మ వైపు పోతోందా గమనించండి. మొదటిరోజు చప్పగా అనిపించినవి కొన్ని నాలుగో రోజుకు ముద్దొస్తాయి. కొన్ని తళతళలు మూడో రోజుకే వెలిసిపోతాయి.

ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే ఏమీ చెప్పకుండా చేతికివ్వండి. చిన్నవాళ్లకు వద్దు, చిన్న భాగాలుంటాయి. పిల్లలు ఎక్కడ ఆగారు, ఏ రూపంలో ఎక్కువసేపు ఆడారు అన్నది రాసుకోండి. మీకు విసుగు తెప్పించిన తేలికపాటి ట్రాన్స్‌ఫర్మేషన్ వాళ్లకు సరిగ్గా సరిపోవచ్చు. అప్పుడు మీ తీర్పు మారనక్కర్లేదు, "పిల్లలకైతే కొనొచ్చు" అన్న వాక్యం మాత్రం చేరాలి.

## 7. ఫొటోలు

బొమ్మను అందంగా చూపే ఫొటో ఒకటి చాలు. మిగతావి మీ మాటకు రుజువుగా ఉండాలి. వెనక వైపు ఫొటో తప్పనిసరి, ఎందుకంటే ప్రచార చిత్రాల్లో అది అరుదుగా కనిపిస్తుంది. ముంజేతి డొల్ల దగ్గరి నుంచి, పోల్చిన బొమ్మతో పక్కపక్కన, రెండు రూపాలూ స్కేలు పక్కన. కిటికీ దగ్గరి పగటి వెలుతురు బాగుంటుంది, నేరుగా పడే ఎండ వద్దు.

## 8. రాసేటప్పుడు పాటించాల్సిన వరుస

1. తీర్పు ముందే: ఎవరు కొనాలి, ఎవరు వదిలేయొచ్చు.
2. కొన్న ధర, చోటు, క్లాసు, పోల్చిన బొమ్మ.
3. మీరు ముందు రాసుకున్న ఆశ, ఉన్నదున్నట్టుగా.
4. నాణ్యత. బాగున్నది బాగుందనే రాయండి, తర్వాత చేయబోయే ఫిర్యాదు కోసం దీన్ని తగ్గించొద్దు.
5. చప్పదనానికి కారణం, దాని రుజువు.
6. ఏం మారి ఉంటే నచ్చేది. ఇది రాయలేకపోతే కారణం ఇంకా దొరకలేదని అర్థం, ఐదో భాగానికి వెనక్కి వెళ్లండి.

మార్కులు వేస్తే రెండు వేయండి, తయారీకి ఒకటి, ముచ్చటకు ఒకటి. తొమ్మిదినీ ఐదునీ కలిపి సగటు ఏడు అంటే ఆ రెండూ మాయమైపోతాయి.

వాక్యాలు ఇలా మార్చుకోండి:

- "ఏదో వెలితిగా ఉంది" బదులు "నడుము తిరగదు, అందువల్ల ఏ భంగిమ పెట్టినా నిటారుగానే కనిపిస్తుంది."
- "ట్రాన్స్‌ఫర్మేషన్ బోరు" బదులు "చేతులు కిందకి, కాళ్లు వెనక్కి, పైకప్పు వీపు మీదికి. ఇంతే. ఛాతీ, తల కదలవు."
- "ధర ఎక్కువ" బదులు "ఇదే ధరలో పోయినేడు వచ్చిన బొమ్మలో రెండు ఆయుధాలు, తిరిగే మణికట్టు ఉన్నాయి. ఇందులో రెండూ లేవు."

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

నాణ్యతలో లేని లోపం వెతకడం. నచ్చలేదు కాబట్టి ఏదో లోపం ఉండాలనుకుని, కనీకనిపించని పెయింట్ చుక్కను భూతద్దంలో చూపిస్తారు. ఆ వాక్యం కొట్టేసి అసలు కారణం రాయండి. బాగా తయారైంది, నాకు నచ్చలేదు అని రాయడంలో మొహమాటం అక్కర్లేదు.

పాత్ర మీద అభిమానం. చిన్నప్పటి నుంచి ఇష్టమైన పాత్ర అయితే తీర్పు మెత్తబడుతుంది, లేదా మరీ కఠినమవుతుంది. మీకు పరిచయం లేని పాత్ర పేరు ఊహించుకుని వాక్యాన్ని మళ్లీ చదవండి. నిలబడితే ఉంచండి.

తప్పుగా మార్చి తప్పు పట్టడం. ట్యాబ్ కూర్చోలేదంటే ముందు కాగితం మళ్లీ చూడండి. ఆ తర్వాత భాగాలు తిరగేసి బిగించారేమో చూడండి, ఫ్యాక్టరీలో కుడి ఎడమలు తారుమారైన పీసులు వస్తుంటాయి. స్క్రూ విప్పి మార్చేస్తే కొన్ని నిమిషాల్లో తీరిపోయే సమస్య అది. పిన్ను దిగ్గొట్టిన కీళ్లు మాత్రం విప్పొద్దు, డబ్బా మార్పించుకోండి.

ఖరీదైన బొమ్మతో పోల్చడం. డీలక్స్‌ను మాస్టర్‌పీస్ పక్కన పెడితే ఏ డీలక్స్ అయినా ఓడిపోతుంది.

## 10. పెట్టేముందు చెక్‌లిస్ట్, తర్వాత చేయాల్సింది

- మూడుసార్లు రూపం మార్చానా?
- నా పీసు లోపం, డిజైన్ లోపం విడదీశానా?
- చప్పదనానికి కారణం ఒక్క వాక్యంలో చెప్పానా? దానికి ఫొటోనో కొలతో ఉందా?
- ఎవరికి నచ్చుతుందో రాశానా?
- ధర, కొన్న చోటు, తేదీ ఉన్నాయా?
- బొమ్మ ఊరికే ఇచ్చారా, కొన్నానా అన్నది చెప్పానా?

ఆరు నెలలయ్యాక అదే రివ్యూ కింద తేదీ వేసి నాలుగు మాటలు చేర్చండి. నాలుగో భాగంలోని చెయ్యి, ఒంటికాలి పరీక్షలు మళ్లీ చేసి జాయింట్లు ఎలా ఉన్నాయో రాయండి. తెల్ల ప్లాస్టిక్ ఎండ తగిలేచోట పసుపెక్కిందేమో చూడండి. ఈ ఆరు నెలల్లో బొమ్మ ఎక్కువగా ఏ రూపంలో ఉండిపోయిందో, ధర తగ్గి ఉంటే ఇప్పటి ధరకు మీ తీర్పు మారుతుందో లేదో కూడా చేర్చండి. పాత తీర్పును చెరపొద్దు, కింద కొత్తది రాయండి.